కంటిన్యుటీ

ఇవాళ మళ్ళీ వేస్తున్నారు ఆ సినిమా,
వృద్ధాశ్రమం హాల్లో, గోడకి దుప్పటి కట్టి.
పక్క కుర్చీలో డోరతీయా అప్పుడే నవ్వుతోంది.
ఇంకా పేర్లే పడుతున్నాయి.

నా పేరు పడదు.
ముప్ఫై ఎనిమిదిలో, బర్‌బాంక్‌లో, మూడో నంబరు స్టేజీ మీద
కెమెరా పక్కన మడత కుర్చీలో
మెడలో స్టాప్‌వాచీ, చెవిలో పెన్సిలుతో కూచున్న పిల్లని.
ఏ గుండీ పెట్టుంది, ఏ గుండీ ఊడింది,
సిగరెట్టు ఎంతదాకా కాలింది,
గ్లాసులో పాలు ఏ గీత దగ్గరున్నాయి
రాసుకోవడం నా ఉద్యోగం.
అతుకు కనపడకూడదు. అంతే.

కథేముంది.
ఆవిడ పై వాటాలో ట్యూబా వాయిస్తుంది.
అతను కింది వాటాలో చీమల మీద పుస్తకం రాస్తుంటాడు.
ఎడ్డెమంటే తెడ్డెం.
ఆవిడ ఒక్క ఊదు ఊదితే
అతని గాజుపెట్టెలో చీమల బారంతా చెదిరిపోతుంది.
ఊళ్ళకి ఊళ్ళు పొట్ట పట్టుకుని నవ్వాయి అక్కడ.
చీమలు ఇనపరజను.
బల్ల కింద అయస్కాంతం పట్టుకుని
ఓ సెట్టు కుర్రాడు బోర్లా పడుకున్నాడు, తుమ్ము ఆపుకుంటూ.

కాన్‌స్టన్స్ ఎవరిల్, రూపర్ట్ హాల్డేన్
తెర బయట మాట్లాడుకునేవాళ్ళు కాదు.
మెట్ల మీది ముద్దు పదకొండు టేకులు.
అతనికి దవడపన్ను నొప్పి, నోరంతా లవంగనూనె.
ఆమె కళ్ళలో ఆ తడి మెరుపు చూసి
డోరతీయా చేతిరుమాలు వెతుక్కుంటోంది.
నేను చెప్పను.

వాన ఆర్విల్ టీగ్‌ది.
పైన చెక్కల మీద నించుని గొట్టం పట్టేవాడు.
ప్రతిసారీ ఒక సెకను ఆలస్యం.
ప్రతిసారీ రాశాను: వాన లేటు. వాన లేటు. వాన మళ్ళీ లేటు.
నాలుగోరోజు నా కాగితం వెనకాలే జవాబొచ్చింది:
"మిస్ లుండ్‌క్విస్ట్, మా ఊళ్ళో వాన
ఎవరు పిలిచినా వెంటనే రాదండి."

ఆఖరి సీను. వీధి దీపం, వాన.
ఆవిడ ట్యూబాని గొడుగులా నెత్తిన పెట్టుకుంటుంది.
ఒక షాటులో గ్లవ్ ఎడమ చేతికి,
తర్వాతి షాటులో కుడి చేతికి.
ఎడిటరు పిలిచి చూపించబోతే వద్దన్నాను.
అరవారం జీతం కోశారు.

పైకి చూస్తున్నానప్పుడు.
గొట్టం చంకలో పెట్టుకుని
ఆ మనిషి ఉడకబెట్టిన గుడ్డు పెంకు ఒలుస్తున్నాడు,
అదొక్కటే పని ఉన్నట్టు లోకంలో.
పెంకుముక్క ఒకటి వానతో పాటు
నా నోట్సు మీద పడింది.

తర్వాత ముప్ఫై ఒక్కేళ్ళు
వాడి సాక్సులు జత కలవలేదు.
తలుపులు నేను వేస్తే వాడు తీశాడు.
చర్చికి లేటు, రైలుకి లేటు, కూతురు పుట్టినప్పుడు లేటు,
చేతిలో అరడజను పీచు పళ్ళు, మొహాన ఏ పశ్చాత్తాపమూ లేకుండా.
మేం పోట్లాడని రోజున
పక్కింటి మిసెస్ ఓబర్‌హోల్ట్ వచ్చి
ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగేది.

ఇన్నేళ్ళలో ఈ సినిమా ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.
ఆ గ్లవ్ చెయ్యి మారడం మాత్రం
ఒక్కసారీ చూళ్ళేదు.
సరిగ్గా అక్కడికొచ్చేసరికి
తల దానంతటదే పైకి లేస్తుంది,
ఫ్రేము అంచు దాటి, దుప్పటి దాటి.
ఇక్కడ పైన ఉన్నది ట్యూబులైటే.
అయినా.

డోరతీయా మోచేత్తో పొడిచింది.
కొడుకుల పేర్లు గుర్తుండవు పాపం.
పొద్దున తిన్నానో లేదో నన్నడుగుతుంది.
"ఇందాక ఆ గ్లవ్ ఎడం చేతికి కదూ?"

అరవై ఏళ్ళు. ఇన్ని హాళ్ళు. ఎంతమంది జనం.

"అవును," అన్నాను. "రాసుకున్నాలే."
దుప్పటి మీద వాన మొదలైంది,
ఒక సెకను లేటుగా.